వన్‌సైడ్ కాగితాల మీద నేర్చుకున్న బొమ్మలు: మీ తొలి అలవాట్లు ఎలా ఉండేవి?

కుంచె_కృష్ణలంక
శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. మొన్న ఒక కాలేజీ పిల్లలతో మాట్లాడటానికి వెళ్ళాను. ఒకమ్మాయి లేచి, "మేడమ్, చిన్నప్పుడు మీరు రోజుకి ఎన్ని గంటలు ప్రాక్టీస్ చేసేవారు?" అని అడిగింది. అక్కడ ఏదో చెప్పాను గానీ ఇంటికొచ్చినా ఆ ప్రశ్న వదల్లేదు. ఎందుకంటే ప్రాక్టీస్ అని పేరు పెట్టుకుని నేనెప్పుడూ కూర్చోలేదు.

మాది విజయవాడ కృష్ణలంక. నాన్నగారు ఆఫీసులో గుమస్తా. అప్పట్లో రెండు పక్కలా చిల్లులుండి, మడతలు మడతలుగా వచ్చే కంప్యూటర్ కాగితం ఉండేది, గుర్తుందా? ముందువైపు ఆకుపచ్చ చారల మీద లెక్కలు, వెనకంతా తెల్లగా ఖాళీ. పారేసే కట్టలు నాన్న ఇంటికి తెచ్చేవారు. ఆ ఖాళీ అంతా నాదే. డ్రాయింగ్ షీటు మాత్రం స్కూల్లో పోటీ ఉంటేనే కొనేవారు. ఆ షీటు ముందు పెట్టుకుంటే చెయ్యి బిగుసుకుపోయేది. చెడిపోతే ఇంకోటి లేదు కదా. అమ్మ దాచిన వాటిలో షీట్ల మీద వేసినవి, కంప్యూటర్ కాగితం వెనక గీసినవి పక్కపక్కన పెట్టి చూస్తే ఇద్దరు మనుషులు గీసినట్టుంటాయి. షీటు మీద గులాబీ పువ్వు, జెండా, నెమలి. కాగితం వెనక గేదెలు, రిక్షాలు, నోరు తెరుచుకుని నిద్రపోతున్న మా పిన్ని.

ఇంకో అలవాటు, ఖాళీగా ఉన్నప్పుడు గీయడం. రేషన్ క్యూ, కుళాయి దగ్గర బిందెల వరస, అమ్మమ్మగారి ఊరు వెళ్ళేటప్పుడు బస్టాండు. ఎదురుగా కూర్చున్న మనిషి బొమ్మ పూర్తయ్యేలోపు లేచి వెళ్ళిపోయేవాడు. అందుకని మొహంతో మొదలుపెట్టడం మానేసి ముందు వీపు వంపు, మోకాళ్ళు, తల ఎటు వాలిందో అది గీసేదాన్ని. అది పడితే కళ్ళూ ముక్కూ లేకపోయినా ఫలానా మనిషి అని తెలిసిపోయేది. దాన్ని జెశ్చర్ డ్రాయింగ్ అంటారని, డబ్బులు కట్టి నేర్చుకుంటారని చాలా ఏళ్ళకి తెలిసింది.

ఇక కాపీ. బాపు గారి గీతని కాపీ కొట్టకుండా పెరిగిన వాళ్ళు మన వైపు ఎవరైనా ఉన్నారా? నాకు జడ వచ్చింది, వాలుకన్ను వచ్చింది, నడుము వంపు వచ్చింది. కానీ సైకిలు తొక్కుతున్న మనిషిని పక్కనుంచి గీయమంటే రాలేదు. నా దగ్గరున్న పేజీల్లో అలాంటి బొమ్మ లేదు మరి.

నా లెక్కలో నన్ను నిలబెట్టింది చెడిపోయినా బాధలేని కాగితం, కదిలిపోయే మనుషులు. మీ సంగతి చెప్పండి. ఏం కాగితం, ఎవరి బొమ్మలు, ఏ టైములో?

పాతపుస్తకాలు
శనివారం, రాత్రి 9:40

మంచి ముచ్చట మొదలుపెట్టారు. నేను బొమ్మలు వేసేవాణ్ని కాదు, పోగేసేవాణ్ని. ఏలూరు రోడ్డు పాత పుస్తకాల షాపుల్లో సగం జీవితం గడిచింది.

కాపీ గురించి అంటే చందమామ పేరు రాకుండా ఎలా? 1947 జులైలో మొదలైంది. స్థాపించిన ఇద్దరిలో చక్రపాణి గారు మన తెనాలి మనిషే. చిత్రా, శంకర్, వడ్డాది పాపయ్య... కింద పేరు చూడకుండానే ఎవరి బొమ్మో చెప్పడం మా ఇంట్లో పందెం. శంకర్ గారి విక్రమార్కుడు, కత్తి పట్టుకుని శవాన్ని భుజాన వేసుకుని నడిచే ఆ బొమ్మ, మా అన్నయ్య కిటికీ అద్దానికి ఆనించి బటర్ పేపరు మీద ఎత్తేవాడు. శవం చేతులు వేలాడటం మాత్రం వాడికి ఎప్పుడూ కుదిరేది కాదు. చేతులు బరువుగా కనిపించాలి కదా, వీడివి గాల్లో తేలుతుండేవి.

స్టైలస్_రాజా
శనివారం, రాత్రి 9:51

అక్కా సూపర్ పోస్టు. నేను పటమట. నా తొలి కాగితం అమ్మ ఫోను, వేలితో గీసేవాణ్ని 😀 కాపీ కొట్టింది గేముల్లో క్యారెక్టర్లని. బాపు గారు ఏ ఆర్ట్ కాలేజీలో చదివారు? అలాంటి గీత సొంతంగా నేర్చుకుంటే వస్తుందా?

పాతపుస్తకాలు
శనివారం, రాత్రి 10:03

రాజా, ఆయన డిగ్రీ లా లో బాబూ, మద్రాసులో. పుట్టింది నరసాపురం, 1933 డిసెంబరు 15. అలాగని కాలేజీలన్నీ దండగ అనుకోకు. రాజమండ్రి దామెర్ల రామారావు గారు బొంబాయి జేజే స్కూల్లో చదివారు. 1925లో, ముప్పై నిండకుండానే మశూచితో పోయారు. అంత కొద్ది కాలంలో అన్ని బొమ్మలు వేశారు. రాజమండ్రిలో ఆయన పేరున గ్యాలరీ ఉంది, ఎప్పుడైనా వెళ్ళు.

గాంధీనగర్_గళ్ళు
శనివారం, రాత్రి 11:20

అమ్మా, నాది కాగితం కథ కాదు, గుడ్డ కథ. నాకు టైపింగ్ రాదు, మా అబ్బాయి కొడుతున్నాడు, తప్పులుంటే వాడివే.

ఎనభైల్లో గాంధీనగర్‌లో సినిమా ఆఫీసుల చుట్టుపక్కల బ్యానర్లు వేసే షెడ్లు ఉండేవి. ఏడో తరగతి తప్పి అక్కడ చేరాను. మొదటి ఏడాదంతా నా చేతికి కుంచె ఇవ్వలేదు. కిరసనాయిల్లో కుంచెలు కడగాలి, పొడి రంగులు లిన్‌సీడ్ ఆయిల్‌లో కలపాలి, గుడ్డకి తెల్లపూత వేయాలి, గళ్ళు గీయాలి. స్టిల్ ఫోటో మీద అర అంగుళం గడి, గుడ్డ మీద అడుగు గడి. దారానికి సుద్దపొడి పట్టించి ఇద్దరం చెరో కొస లాగి పట్టుకుని టప్పున వదిలితే గీత పడేది. నా పేరులో గళ్ళు అవే.

హీరో మొహం గురువుగారే వేసేవారు. చీరలు, ఆకాశం, మంటలు, రక్తం మాకు. ఖాళీ దొరికితే మాతో ఒక పని చేయించేవారు. ఫోటోని తలకిందులు చేసి గీయమనేవారు. మొహం అని తెలిస్తే చెయ్యి తనకు అలవాటైన కన్నునే గీసేస్తుంది. తలకిందులుగా పెడితే అది కన్నని మర్చిపోతాం, ఇక్కడ నలుపు ఇక్కడ తెలుపు అని ఉన్నది ఉన్నట్టు పెడతాం. నాకు పోలిక పట్టడం అట్లానే వచ్చింది.

ఇంకోటి, రోడ్డు దాటడం. బ్యానర్ దగ్గర నిలబడితే హీరో చెంప మీద ఆకుపచ్చ పట్టీ, ఊదా పట్టీ, నుదుటి మీద పసుపు ముద్ద. కొత్తవాడికి ఇదేంటి గలీజు అనిపిస్తుంది. రోడ్డు అవతలకి వెళ్ళి చూస్తే అదే చర్మం. గంటకోసారి అవతలకి వెళ్ళి చూసి రావాల్సిందే, వానొచ్చినా సరే. ఇప్పటి పిల్లలు బొమ్మకి ముక్కు ఆనించి వేస్తారు, మూడు అడుగులు వెనక్కి జరిగి చూడరు. చూస్తే సగం తప్పులు వాళ్ళకే కనిపిస్తాయి.

శుక్రవారం రిలీజు, గురువారం రాత్రి జాగారం. మూడ్ రాలేదు అనే మాట ఆ షెడ్లో ఎవరూ అనలేదు. 2000 దాటాక ఫ్లెక్సు వచ్చింది, షెడ్లు పోయాయి. ఇప్పుడు బడి గోడలకీ, గుళ్ళకీ వేస్తున్నాను. గళ్ళు మాత్రం మానలేదు.

స్టైలస్_రాజా
శనివారం, రాత్రి 11:31

బాబాయ్!! తలకిందులు చేయడం మా యాప్‌లో ఒక బటన్. ఎందుకు పెట్టారో ఇప్పుడు తెలిసింది.

బ్రోడీపేట_మాస్టారు
ఆదివారం, ఉదయం 6:05

నమస్కారం. గుంటూరులో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి రిటైరైన వాణ్ని. అందరి పోస్టులూ చదివాను. అమ్మాయి కృష్ణలంకతో ఒక విషయంలో ఏకీభవించను.

పనికిరాని కాగితం ధైర్యం ఇస్తుందన్న మాట పెన్సిలు వరకే. నీటిరంగుల్లో అది పిల్లల్ని పాడు చేస్తుంది. పలచటి కాగితానికి తడి తగలగానే ఉబ్బి అలలు తేలుతుంది. రంగు ఆ గుంటల్లోకి పారి మచ్చలు కడుతుంది. రెండోసారి కుంచె పెడితే పీచు లేస్తుంది. కుర్రాడు అది కాగితం లోపమని అనుకోడు, నా చేతిలోనే లేదనుకుంటాడు. నా సర్వీసులో ఎంతమంది రంగులు అట్లా వదిలేశారో. 300 జీఎస్ఎం షీటు, అంటే బాగా మందపాటిది, ఒకటి కొని ఎనిమిది ముక్కలు చేసి ఇవ్వండి. చిన్నముక్క కాబట్టి భయమూ ఉండదు, రంగు ఎలా పారుతుందో నిజంగా తెలుస్తుంది.

ఇక నా తొలి అలవాటు. మేము డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకి కూర్చున్న తరం. ఫ్రీహ్యాండ్ అంటే స్కేలు ముట్టకూడదు. కూజా బొమ్మ ఇస్తారు, నడుమ నిలువుగీత ఒకటి గీసుకుని ఎడమ వంపు ఎట్లా ఉందో కుడి వంపు అట్లా రావాలి. మా గురువుగారు నాతో నెలల తరబడి ఒక్క చెంబే గీయించారు. పీట మీద చెంబు, నేల మీద చెంబు, బీరువా మీద చెంబు. విసుగొచ్చి ఏడ్చాను కూడా. కానీ కంటి మట్టానికి కిందున్న చెంబు మూతి సన్నగా కనిపిస్తే, దాని అడుగు మూతికంటే గుండ్రంగా కనిపిస్తుందన్న సంగతి ఆ నెలల్లో ఒంటికి పట్టింది. పిల్లలు నూటికి తొంభైమంది అడుగున అడ్డంగా తిన్నటి గీత కొట్టేస్తారు. చెంబు గాల్లో నిలబడుతుంది.

ఇంకొక్క మాట, వెంట్రుకల గీత. చిన్న చిన్న గీకుళ్ళు కలిపి ఒక గీతగా చేసే అలవాటు. మణికట్టుతో గీస్తే అదే వస్తుంది. నల్లబల్ల మీద సుద్దముక్కతో భుజం కదిలించి గీయించండి, వారాల్లో పోతుంది. బల్ల లేకపోతే గచ్చు మీద గీయించండి.

కుంచె_కృష్ణలంక
ఆదివారం, ఉదయం 8:30

మాస్టారూ, నీటిరంగుల విషయంలో మీ మాటకి ఎదురు లేదు. పెన్సిలు దగ్గర మాత్రం నేను తగ్గను. ఇప్పటికీ పిల్లల పుస్తకానికి బొమ్మ వేసేముందు ప్రింటవుట్ల వెనకే రఫ్‌లు గీస్తాను. ఖరీదైన స్కెచ్‌బుక్కులు బహుమతిగా ఇస్తుంటారు, నాలుగు పేజీలు దాటినవి తక్కువ.

చెంబు కథ మాత్రం అదిరింది. నాకు ఆ పాఠం ప్రకాశం బ్యారేజీ చెప్పింది. 70 గేట్లు. మా మేడ మీద నుంచి గీయడానికి కూర్చుంటే మొదటి పది బాగానే వచ్చేవి, తర్వాత కాగితం అయిపోయేది. దూరం వెళ్ళేకొద్దీ గేట్ల మధ్య ఖాళీ ఎంత వేగంగా తగ్గిపోతుందో ఎవరూ చెప్పలేదు మరి. గేట్లు లెక్కపెట్టడం ఆపి, అటు చివర ఇటు చివర ముందు పెట్టుకుని మధ్యలో నింపడం అలవాటు చేసుకున్నాక గానీ కుదరలేదు.

చుక్కలముగ్గు
ఆదివారం, మధ్యాహ్నం 2:15

నేను ఇక్కడ చదవడమే గానీ రాయను. మాస్టారు భుజం, గచ్చు అనేసరికి రాయాలనిపించింది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఎవరైనా నీకు బొమ్మలొచ్చా అని అడిగితే రాదనే చెప్పేదాన్ని. కానీ నాకు ఎనిమిదేళ్ళు వచ్చినప్పటి నుంచి ధనుర్మాసం వచ్చిందంటే వీధి గుమ్మంలో ముగ్గు నాదే. 15 చుక్కలు, 8 వరకు సందు చుక్క అంటే నడుం వంచి ఒక్క ఊపులో పెట్టేసేదాన్ని. ఎదురు చుక్కకీ సందు చుక్కకీ తేడా తప్పితే మధ్యలో గీత కలవదు, మొత్తం తుడిచి మళ్ళీ మొదలు. మెలికల ముగ్గైతే ఇంకా ఘోరం. చుక్కల చుట్టూ తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. పిండి జారుతుంటే చెయ్యి ఆగకూడదు, ఆగితే ముద్ద పడుతుంది.

ప్రతి ఆడపిల్ల దగ్గరా ముగ్గుల పుస్తకం ఉండేది. పక్కింటావిడ వాకిట్లో కొత్త ముగ్గు కనపడితే బడికెళ్ళే దారిలో నిలబడి కళ్ళతో ఎత్తుకుని, ఇంటికొచ్చి పుస్తకంలోకి దించేదాన్ని. మీరంతా చందమామ, బాపు అంటున్నారు. మేము కాపీ కొట్టింది సుబ్బమ్మత్తనీ, వరలక్ష్మి పిన్నినీ. ఆర్టిస్టుల అలవాట్లు అని ఎవరైనా రాస్తే అందులో ఈ పుస్తకాలు ఎప్పుడూ కనపడవు.

పెళ్ళయ్యాక అపార్ట్‌మెంట్, వాకిలి లేదు. మూడేళ్ళ క్రితం మా అమ్మాయి పెన్సిళ్ళు తీసుకుని మొదలుపెట్టాను. నా గీత వణకట్లేదని క్లాసులో మేడమ్ ఆశ్చర్యపోయారు.

కుంచె_కృష్ణలంక
ఆదివారం, మధ్యాహ్నం 2:40

అక్కా, ఈ థ్రెడ్ మొదలుపెట్టినందుకు మీ పోస్టు ఒక్కటి చాలు. ఆ ముగ్గుల పుస్తకం ఇంకా ఉంటే నాలుగు పేజీలు ఫోటో తీసి పెట్టరా?

చుక్కలముగ్గు
ఆదివారం, మధ్యాహ్నం 2:52

ఉంది. నూనె మరకలతో ఉంది. రాత్రికి పెడతాను.

లాలాపేట_నాన్న
ఆదివారం, సాయంత్రం 5:10

పెద్దలందరికీ నమస్కారం. మాది గుంటూరు. మా పాపకి తొమ్మిదేళ్ళు. రోజంతా ఫోన్లో జపాన్ కార్టూన్లు చూసి అవే గీస్తుంది. పెద్ద పెద్ద కళ్ళు, సూదిలాంటి గడ్డం, అన్ని మొహాలూ ఒకటే. సొంతంగా వేయమ్మా అంటే ఏడుపు. కాపీ మాన్పించాలా? క్లాసులో చేర్పిస్తే ఇష్టం పోతుందేమోనని టెన్షన్.

గాంధీనగర్_గళ్ళు
ఆదివారం, సాయంత్రం 5:25

మాన్పించకండి బాబూ. నేను ముప్పై ఏళ్ళు ఫోటోలు చూసే వేశాను. తిండి పెట్టింది అదే.

బ్రోడీపేట_మాస్టారు
ఆదివారం, సాయంత్రం 6:00

నాయనా, కాపీ వద్దనవద్దు. ఒక్క మార్పు చేయండి. పాప గీసిన ఆ పిల్లనే వెనక నుంచి ఎలా ఉంటుందో గీయమనండి. ఫోన్లో ఆ బొమ్మ దొరకదు. జుట్టు వెనక ఎలా పడుతుంది, చెవులు ఎక్కడుంటాయి అని తనే అద్దం దగ్గరకో, వాళ్ళమ్మ వెనక్కో వెళ్ళి చూస్తుంది. తర్వాత ఆ పిల్లని మీ ఇంటి మెట్ల మీద కూర్చోబెట్టమనండి. తర్వాత అన్నం తింటున్నట్టు. సొంతంగా వేయి అంటే తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం తోస్తుంది? మీకు తోస్తుందా?

క్లాసు సంగతి. మొదటిరోజే చక్కటి ఫ్రేము కట్టే బొమ్మ చేయించి పంపే చోట చేర్పించవద్దు. సగం అక్కడి వాళ్ళే వేస్తారు.

స్టైలస్_రాజా
ఆదివారం, సాయంత్రం 6:20

నేను కూడా ఆ పెద్ద కళ్ళతోనే మొదలుపెట్టా. ఇప్పుడు గేమ్ కంపెనీకి బ్యాక్‌గ్రౌండ్లు వేస్తున్నా. పాపకి కంగ్రాట్స్ చెప్పండి.

పాతపుస్తకాలు
ఆదివారం, రాత్రి 8:45

కాపీ మీద ఇంత చర్చ నడుస్తోంది గనక మన వైపు కథ ఒకటి చెప్పాలి. అమరావతి మహాస్తూపం దిబ్బని ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కోలిన్ మెకెంజీ మొదట చూసింది 1797 ప్రాంతంలో. అప్పటికే ఊళ్ళో వాళ్ళు ఆ పలకల్ని ఇళ్ళకీ, సున్నానికీ వాడేస్తున్నారు. 1816లో మళ్ళీ వచ్చి, తన దగ్గర పనిచేసే చిత్రకారులతో శిల్పాల్ని ఒక్కొక్కటే గీయించాడు. ఉన్నది ఉన్నట్టు, కొలతల ప్రకారం, సొంత కవిత్వం కలపకుండా. ఆ తర్వాత కొన్ని రాళ్ళు పోయాయి. ఎక్కడున్నాయో ఎవరికీ తెలియని వాటికి ఇప్పుడు ఆ కాపీ బొమ్మలే ఆధారం. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. గీసిన వాళ్ళ పేర్లు చాలామందికి తెలియవు, అది వేరే బాధ.

శిల్పాలు గీయాలనుకునే వాళ్ళకి ఇంకో సంగతి. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో నలగిరి ఏనుగు ఉన్న అమరావతి పలక ఉంది. గుండ్రటి చట్రం ఒకటే. అందులో ఒక పక్క మదమెక్కిన ఏనుగు మనుషుల్ని తొక్కుకుంటూ వస్తోంది, రెండో పక్క అదే ఏనుగు బుద్ధుడి ముందు మోకరిల్లింది. మేడ కిటికీల్లోంచి జనం తొంగి చూస్తుంటారు. ఒకే బొమ్మలో రెండు క్షణాలు. కథలకి బొమ్మలు వేసే కృష్ణలంక గారు దీని గురించి ఏమంటారో వినాలని ఉంది.

కుంచె_కృష్ణలంక
ఆదివారం, రాత్రి 10:15

ఆ పలక ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. నేను వారపత్రికలకి నేర్చుకున్న పనికి అది పూర్తిగా ఎదురు. మాకు ఒకటే క్షణం. ఏది అన్నదే మొత్తం పని.

ఆ రోజుల రొటీన్ అడిగిన వాళ్ళున్నారు కాబట్టి రాస్తున్నా. కథ కాగితాలు మధ్యాహ్నం వచ్చేవి, సాయంత్రానికి బొమ్మ కావాలి. సైకిల్ మీద వచ్చిన అబ్బాయి వరండాలో కూర్చునేవాడు. మొదటిసారి కథ చదివేటప్పుడు పెన్సిలు ముట్టేదాన్ని కాదు. రెండోసారి చదివేటప్పుడు మార్జిన్‌లో చిన్నచిన్న పెట్టెలు గీసి, బొటనవేలంత బొమ్మలు. కథ ముగింపు ఎప్పుడూ వేయకూడదు, చదివేవాడి నోట్లో ముద్ద లాక్కున్నట్టే. అసలు గొడవకి కాస్త ముందు క్షణం పట్టుకోవాలి. తలుపు తీయబోతున్న చెయ్యి. ఉత్తరం చింపుతూ గుమ్మం వైపు చూస్తున్న కళ్ళు.

బొమ్మ అచ్చులో వచ్చే సైజుకి ఒకటిన్నర రెట్లు పెద్దగా వేసేవాళ్ళం. తగ్గించినప్పుడు గీత బిగుస్తుంది, చిన్న వణుకులు కనిపించవు. అలాగని మరీ సన్నటి గీతలు వేస్తే న్యూస్‌ప్రింట్ మీద మాయమైపోతాయి. చీర అంచుకి పడిన కష్టమంతా అచ్చయ్యాక నల్లటి మరక. రెండు మూడు వారాలు అలా చూసుకున్నాక ఎక్కడ వదిలేయాలో చేతికే తెలిసింది. ఇండియన్ ఇంకు, ఒకటో నంబరు కుంచె, తప్పులకి తెల్ల పోస్టర్ కలరు. ఫ్యాను కింద ఆరబెట్టి ఇచ్చేదాన్ని. ఒకసారి ఆరకుండానే తీసుకెళ్ళాడు, నాయిక బుగ్గ మీద ఆ అబ్బాయి వేలిముద్ర అచ్చయింది. ఎవరూ పట్టుకోలేదు.

ప్రేరణ కోసం ఎదురుచూడటం గురించి ఇంటర్వ్యూల్లో అడుగుతారు. వరండాలో మనిషి కూర్చుని ఉండగా ఏం ఎదురుచూస్తాం?

స్టైలస్_రాజా
సోమవారం, ఉదయం 12:10

అక్కా నా బాధ ఇక్కడే ఉంది. నా వరండాలో ఎవరూ లేరు. సొంత పని చేద్దామంటే రోజుకో బొమ్మ ఛాలెంజ్ పెట్టుకుంటా, సంవత్సరం మొత్తం అని. ఒకరోజు తప్పితే ఆ గొలుసు తెగిందన్న టెన్షన్‌తో నెల మానేస్తా. ఇంకోటి అన్‌డూ. ఒకే గీతని ముప్పైసార్లు వేసి వెనక్కి తీస్తా. ముప్పయ్యోది మొదటిదానికంటే గొప్పగా ఏం ఉండదు. ముగ్గు అక్క చెయ్యి ఆగితే ముద్ద పడుతుందన్నారు, మాకు ముద్ద పడదు, అదే ప్రాబ్లం.

చుక్కలముగ్గు
సోమవారం, ఉదయం 7:20

తమ్ముడూ, ముద్ద పడితే దాన్ని పువ్వు చేసేస్తాం. ఫోటోలు పైన పెట్టాను, మూడో పేజీ కుడి మూల చూడు.

కుంచె_కృష్ణలంక
సోమవారం, ఉదయం 9:00

రాజా, రోజుకో బొమ్మ అని పెట్టుకుంటే రోజుకో పోస్టు అవుతుంది, అందుకే తెగితే భయం. పోస్టు చేయని గీతలు ఎక్కడ గీస్తున్నావు? ఆ చోటు ఒకటి కావాలి. నాకు పొద్దున కాఫీ తర్వాత కాసేపు ఫోను పక్కన పెట్టి, ఏదో ఒక ప్రింటవుట్ వెనక చేతికొచ్చింది గీయడం అలవాటు. మిక్సీ, చెప్పులు, ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు. సాయంత్రానికి అది చెత్తబుట్టలోకి వెళ్తుంది. తప్పిపోయిన రోజులు చాలా ఉంటాయి, లెక్క రాసుకోను కాబట్టి తప్పినట్టు తెలియదు. అన్‌డూకి మందు నా దగ్గర లేదు. బాల్‌పెన్ను పట్టుకుని బస్టాండుకి వెళ్ళు.

గాంధీనగర్_గళ్ళు
సోమవారం, ఉదయం 9:40

ఆ ముగ్గుల పేజీల్లో నెమళ్ళు రెండూ అచ్చు ఒకేలా ఉన్నాయి. గళ్ళు గీయకుండా అట్లా ఎట్లా వచ్చాయమ్మా?

చుక్కలముగ్గు
సోమవారం, ఉదయం 10:05

చుక్కలే గళ్ళు అన్నయ్యా.

మోడరేటర్
సోమవారం, ఉదయం 11:00

ఆన్‌లైన్ డ్రాయింగ్ కోర్సుల లింకులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాం. థ్రెడ్ బాగుంది, ఇలాగే నడపండి.

లాలాపేట_నాన్న
సోమవారం, రాత్రి 8:30

మాస్టారూ, రాత్రి పాపకి మీరు చెప్పినట్టే చెప్పాను. గంటసేపు వాళ్ళమ్మని కదలనివ్వలేదు. జడ వెనక నుంచి గీసింది, మెడ గీయడం మర్చిపోయింది. తనే చూసుకుని నవ్వింది. మళ్ళీ వేస్తానంటోంది. ఒక డౌటు, వచ్చే ఆదివారం ఎక్కడైనా బయట గీయడానికి తీసుకెళ్తే బాగుంటుందా? ఏ చోటు మంచిది?

బ్రోడీపేట_మాస్టారు
సోమవారం, రాత్రి 9:00

ఉండవల్లి గుహలు తీసుకెళ్ళండి. నాలుగు అంతస్తులు కొండలో తొలిచినవి. స్తంభాలు వరసగా ఉంటాయి, చెంబు పాఠం, గేట్ల పాఠం రెండూ అక్కడే దొరుకుతాయి. పైన పడుకున్న అనంతశయనుడు మాత్రం పిల్లకి మొదటిరోజే వద్దు, అంత పొడవు మనిషి కాగితంలో పట్టక కాళ్ళు తెగిపోతాయి. పెద్దవాళ్ళకే తెగిపోతాయి. నేను కూడా వస్తాను, చాలా కాలమైంది.

కుంచె_కృష్ణలంక
సోమవారం, రాత్రి 9:10

మాస్టారు వస్తే నేనూ వస్తా. బ్యారేజీ దాటి సీతానగరం మీదుగా వస్తే మాకు దగ్గరే. కాగితాలు నేను తెస్తాను, వన్‌సైడువే. మాస్టారు తిట్టకూడదు.

బ్రోడీపేట_మాస్టారు
సోమవారం, రాత్రి 9:14

రంగులు ముట్టనంత వరకు తిట్టను.

గాంధీనగర్_గళ్ళు
సోమవారం, రాత్రి 9:30

నేను అట్టలు, క్లిప్పులు తెస్తా. అక్కడ రాతి మీద కూర్చోవాలి, పాత ఫ్లెక్సు ముక్కలు కూడా తెస్తా, కింద పరుచుకోవడానికి బాగా పనికొస్తాయి.

స్టైలస్_రాజా
సోమవారం, రాత్రి 9:33

ట్యాబ్ తెచ్చుకోవచ్చా?

కుంచె_కృష్ణలంక
సోమవారం, రాత్రి 9:35

వద్దు. బాల్‌పెన్ను. తెనాలి అక్కా, మీరు కూడా రావాలి. గుంటూరు నుంచి వచ్చేవాళ్ళు మంగళగిరి వైపు నుంచి రండి. ఎండ ఎక్కేలోపు మొదలుపెడదాం, టిఫిన్ తినే రండి, నీళ్ళ సీసాలు మర్చిపోవద్దు.